మూడో నంబరు సీసా

“మింగలేదే అవ్వా! ఎన్నిసార్లు చెప్పాలె నీకు? నోట్లె పోసుకున్న, పుక్కిలించిన, ఉమ్మేసిన. గంతే!”

“ఉమ్మినవనెటానికి సాక్షెవ్వలు?”

నర్సింగ్ తన చొక్కా అందుకోబోయాడు. గౌరవ్వ కొడుకు యూనిఫాం చొక్కాను చచ్చిన ఎలకను తోక పట్టి ఎత్తినట్టు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని ఉంది. తెల్లవారినప్పటి నుంచి ఆ చొక్కా రెండుసార్లు సబ్బు నీళ్ళలో మునిగింది. అయినా కాలరు దగ్గర ఆమె ముక్కుకు ఏదో తగులుతూనే ఉంది. పులిసిన వాసన. పండు వాసన. పరాయి వాసన.

“బొంబాయిల ఇమానం ఎక్కేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినవు. చుక్క ముట్టనంటివి. పొద్దటి సంది నా నెత్తి పలుగుతున్నది. ఎందుకు పలుగుతున్నదో ఇప్పుడు ఎర్కయింది.”

దేవయ్య గడప మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఏ తగవులోనూ ఒక పక్షం పట్టిన మనిషి కాదు. అందుకే ఆయన జుట్టు ఇంకా నల్లగా ఉందని గౌరవ్వ అంటుంది.

“నిన్న పొద్దంత ఎండల నిలవడి మిరపకాయలు ఆరవోస్తివి. నెత్తి నొయ్యక ఏం జేస్తది?” అన్నాడు చాయ్ ఊదుకుంటూ.

“నువ్వు నడుమ మాట్లాడకు.”

“మాట్లాడకపోతే మాట్లాడవేందంటవు.”

“అప్పుడు అప్పుడే, ఇప్పుడు ఇప్పుడే!”

గౌరవ్వకు భయాలు ఎప్పుడూ ఒంటరిగా రావు. చీమల బారులా ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీళ్ళుండే రెండు గదులు మస్కట్ అజైబాలో అజీజా వాళ్ళ పెద్దింటి వెనక గోడకు ఆనుకుని ఉన్నాయి. గౌరవ్వ ఆ ఇంటి వంటమనిషి, దేవయ్య ఆ ఇంటి డ్రైవరు. గోడకు అవతలే అజీజా వంటిల్లు. ఈ వాసన గోడ దాటుతుంది, అజీజా ముక్కుకు తగులుతుంది, ఆమె తన తమ్ముడితో చెబుతుంది, తమ్ముడు పోలీసులను పిలుస్తాడు, జీపు వచ్చి గేటు ముందు ఆగుతుంది, ముగ్గురి పాస్‌పోర్టుల మీదా ఎర్ర ముద్ర పడుతుంది. అజీజా తమ్ముడు మునిసిపాలిటీలో రోడ్ల పక్క చెట్లకు నీళ్ళు పెట్టించే ఆఫీసరు. అయినా గౌరవ్వ ఊహలో ఆయన ఎప్పుడూ తుపాకీతోనే కనిపిస్తాడు.

చొక్కాను మూడోసారి బకెట్‌లో ముంచింది.

“నీ నోటికి తాళం లేకనే గదరా ఇదంత!”

అది మాత్రం నిజం. నర్సింగ్ ఖురంలోని హోటల్లో పార్టీ హాలు బేరర్. సోమవారం నాడు ఒక హాలండు మేడమ్ వచ్చి కూర్చుంది. పెళ్ళయి పాతికేళ్ళయిన సందర్భంగా అరవై మందికి విందు ఇవ్వాలని ఆమె ముచ్చట. తిండి కుదిరింది, పూలు కుదిరాయి. అందరూ ఒకేసారి గ్లాసులెత్తే వేళకు పోయాల్సిన షాంపేను ధర చూసేసరికి ఆమె బ్యాగు మూసి లేచి నిలబడింది. ఇంకో హోటల్ చూసుకుంటానంది. మేనేజర్ ముఖం మాడిపోయింది. అప్పుడు పక్కన మంచినీళ్ళు పోస్తున్న నర్సింగ్, ఎవరూ అడగకుండానే, “మేడమ్, ఇందులో సగం ధరకు మంచిది నేను చూపిస్తా,” అనేశాడు.

ఎందుకన్నాడో వాడికే తెలియదు.

మేనేజర్ వాడిని లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. గురువారం నాలుగు గంటలకు మేడమ్ మళ్ళీ వస్తుంది. సగం ధర దాటకుండా ఆమెకు నచ్చే సీసా నువ్వు చూపించాలి. శనివారంతో నీ ట్రయల్ మూడు నెలలు నిండుతాయి. పార్టీ నిలబడితే నువ్వు నిలబడతావు. పార్టీ పోతే నీకూ తిరుగు టికెట్.

గురువారం అంటే ఇవాళే.

“ఇంతకు ఏరినవా? ఏది మంచిగున్నది?” దేవయ్య అడిగాడు.

“ఏడ బాపు! నాలుగు రకాలు తెప్పిచ్చినం. నిన్న మొదటిది తెరిచి నోట్లె పోసుకున్న. పోసుకోంగనే అవ్వ మొఖం కండ్ల ముందటికొచ్చింది. దగ్గొచ్చి ఉమ్మేసిన. సగం నా చొక్కా మీదనే పడ్డది. రుచి ఎట్ల తెలుస్తది?”

దేవయ్య గ్లాసు కింద పెట్టి పకపకా నవ్వాడు. “ఏమే, ఇంక సాక్షి కావాల్నా? మింగినోని చొక్కా ఎందుకు వాసనొస్తది? ఉమ్మినోని చొక్కానే వాసనొస్తది!”

గౌరవ్వ బకెట్ ముందు అలాగే కూర్చుండిపోయింది. ఆ మాటలో న్యాయం ఉంది. కాదనడానికి వీల్లేదు. గుండె కాస్త తేలికైంది. తేలికైన చోటికి వెంటనే ఇంకో భయం వచ్చి చేరింది.

“అయితే నీ నౌకరి పోతదా?”

నర్సింగ్ తల ఊపాడు. కొడుకు తాగితే పాడైపోతాడు. తాగకపోతే తిరుగు విమానం ఎక్కుతాడు. రెండు ఎద్దులు చెరో వైపు లాగుతున్న బండిలా ఉంది ఆమె పని.

గౌరవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“గిలాసల పోస్తే నురుగెట్ల వస్తున్నది?” అంది.

“ఏమన్నవ్?”

“నురుగు రా! పెద్ద పెద్ద బుగ్గలా, గసగసాల తీరుగ సన్నంగనా? ఎంతసేపు నిలవడుతున్నది?”

నర్సింగ్ తెల్లబోయాడు. దేవయ్య మాత్రం మీసంలో నవ్వుకున్నాడు. “అడిగేదెవరనుకున్నవురా? భూమయ్య గౌడు బిడ్డ!”

“ఆ ముచ్చట ఈ దేశంల ఎత్తకని చెప్పిన్నా లేదా!”

జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో భూమయ్య కల్లు అమ్మే మండువ పెట్టుకుని బతికాడు. గౌరవ్వ ఏడేళ్ళప్పటి నుంచి తండ్రి పక్కన పీట వేసుకుని కూర్చునేది. తెల్లారి దించిన కుండ ఏది, నిన్నటిది ఏది, ఎవడు నీళ్ళు కలిపాడు, ఎవడు మందు కలిపాడు, అన్నీ నురుగు చూసి, వాసన చూసి చెప్పేది. నాలుకకు పని లేదు. పోసే చెయ్యి తాగకూడదని భూమయ్య పట్టుదల. ఆ మాట వినని ఆమె అన్న, తాగి చెట్టెక్కి, చెట్టు మీది నుంచే పోయాడు. అప్పటి నుంచి గౌరవ్వకు సీసా అంటే వణుకు. మస్కట్‌లో ఎవరడిగినా మాది వ్యవసాయమని చెప్పుకుంటుంది.

“నువ్వు నోట్లె పోసుకునేది లేదు. ఒట్టు ఒట్టే,” అంది లేచి నిలబడి. “పా. నేనొస్త.”

“హోటల్‌కా? అవ్వా, ఆడ మేనేజరుంటడు!”

“ఉంటే ఉండనియ్యి. ముందు దొడ్డిదారి ఎటున్నదో చెప్పు.”

*

షేర్ టాక్సీలో ఖురం చేరేదాకా గౌరవ్వ మూడుసార్లు దిగిపోదామంది. వెనక గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాసుకుంటుంటే, నిజం పేరు చెప్పాలా వద్దా అని కొడుకును గిల్లింది. స్టోరు గదిలో అడుగు పెట్టాక మాత్రం, వరుసగా పేర్చిన సీసాలను చూసి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

స్టోర్ కీపర్ ఖాదర్‌వలి కుర్చీ తెచ్చి వేశాడు. కడప మనిషి. నెరిసిన గడ్డం, చెవిలో పెన్సిలు. గోడకు నమాజు వేళల కాగితం, దాని పక్కనే సీసాల లిస్టు.

“కూచోండక్కా. నర్సింగు అంతా సెప్పినాడు. పదైదేండ్లుగా ఈ గోదాములోనే ఉండా. ఏ సీసా యా దేశంది, ఎంత ధర, ఎన్నాళ్ళుంటాది, అన్నీ సెప్తా. రుసి మాత్రం అడగొద్దండి. అది నాకు హరాం.”

“వీనికేమో ఒట్టు, మీకేమో హరాము. ఇగ ఏరేదెవరన్నా?”

“మీరుండారు గదక్కా!”

ముగ్గురూ నవ్వేశారు. గౌరవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఇంటి నుంచి బయలుదేరాక అదే మొదటి నవ్వు.

ఖాదర్‌వలి నాలుగు సీసాలు బల్ల మీద పెట్టాడు. మంచు పెట్టెలోంచి తీసినవి, ఒళ్ళంతా చెమటలు పట్టి ఉన్నాయి. మెడలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చీటీలు కట్టి ఉన్నాయి.

“షాంపేను అంటే ఫ్రాన్సులో ఒక సీమ పేరక్కా. ఆ సీమలో సేసిందానికే ఆ పేరు, ఆ ధర. పక్క సీమలో, పక్క దేశంలో గూడా అదే మాదిరి సీసాలోనే రెండోసారి పులియబెట్టి సేస్తారు. పేరు లేదు గాబట్టి ధర సగం. మా పక్క ధర్మవరం చీర లేదా? అదే మగ్గం, అదే జరీ. పక్కూర్లో నేస్తే ధర్మవరం ధర యాడొస్తాది?”

“అంటే పేరుకు గాదు, పనికి పైసలు పెట్టాలె.”

“అంతే! ఇందులో మూడు, నాలుగు అట్లాంటివి. ఒకటో నంబరు తీపిది. రెండోది శానా సవక. సోడా మాదిరి బయటినించి గ్యాసు ఎక్కిస్తారు.”

“మా తాన గూడ ఉంటరు,” అంది గౌరవ్వ ముందుకు వంగి. “మందు కల్లు పోసేటోళ్ళు కుంకుడుకాయ రసం కలిపి నురుగు లేపుతరు. దూరం నుంచి చూస్తే ఎంత నురుగనుకున్నరు! ఊదితే ఎగిరిపోతది.”

అనేశాక చటుక్కున నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఈ దేశం వచ్చిన ఏడేళ్ళుగా దాచిన ముచ్చట. ఖాదర్‌వలి ఏమీ వింతపడలేదు. “అయితే సరైన మనిషే వచ్చినారు,” అన్నాడు.

నర్సింగ్ నిన్నటిది కాక కొత్తగా తెచ్చిన ఒకటో సీసా తీగ విప్పాడో లేదో, ధన్‌మని బిరడా లేచి పైనున్న టమాటా డబ్బాకు తగిలింది. “ఎల్లమ్మ తల్లీ!” అని గౌరవ్వ కుర్చీ మీంచి ఎగిరి బియ్యం బస్తా మీద కూలబడింది. తుపాకీ పేలిందనే అనుకుంది.

“మోత పెద్దదైతే సరుకు మంచిదనుకుంటారు,” ఖాదర్‌వలి నవ్వాడు. “కాదు. బిరడా గట్టిగా పట్టుకోని, సీసాను తిప్పాల. నిట్టూర్పు ఇడిసినట్టు రావాల.”

“ఇగ పొయ్యి,” అంది గౌరవ్వ తేరుకుని. “గిలాస కింద పెట్టు. ఎత్తి పొయ్యి. ఇంకా ఎత్తు. భుజం దాక లేపు!”

మండువలో కల్లు పోసే పద్ధతి అది. ధార ఎంత ఎత్తు నుంచి పడితే నురుగు అంత నిజం చెబుతుంది. తల్లి మాట జవదాటని కొడుకు సీసాను భుజం దాకా ఎత్తి వంచాడు. నురుగు బుస్సున పొంగి, గ్లాసు దాటి, బల్ల దాటి, గౌరవ్వ చెప్పుల మీదికి వచ్చింది. పొంగు దిగాక గ్లాసు అడుగున రెండు వేళ్ళంత నీళ్ళు మిగిలాయి. బుడగ లేదు, చప్పుడు లేదు.

“ఇది సచ్చిపోయిందేందిరా!”

“సావకేం జేస్తాదక్కా! ఇది కల్లు గాదు. ఎత్తిపోస్తే ఉండే గాలంతా దార్లోనే పాయె. గ్లాసు వంచి, అంచు మీద జార్చాల.”

గౌరవ్వ సిగ్గుపడింది. అంతలోనే ముచ్చటపడింది. తనకు తెలియనిది కూడా ఒకటి ఉందన్నమాట ఈ విద్యలో. “తప్పు నాదే. మల్ల పొయ్యిరా, అన్న చెప్పినట్టు.”

ఈసారి ఒకటో నంబరు బాగానే నిలబడింది. ఆమె గ్లాసు ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. మల్లెపూలు, ఎండు ద్రాక్ష, బెల్లం పాకం.

“పార్టీల తినెటానికి ఏం పెడుతున్నరు?”

“ఏంచిన రొయ్యలు, ఉప్పు జీడిపప్పు, చీజు ముక్కలు.”

“మిరపకాయ బజ్జి తినుకుంట ఎవడన్న పాయసం తాగుతడారా? పక్కకు పెట్టు.”

రెండో నంబరు గ్లాసులో పడగానే శనగగింజలంత బుడగలు ఎగబడి పైకొచ్చాయి. గౌరవ్వ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పద్దెనిమిది దగ్గరకు వచ్చేసరికి నురుగు చల్లారిపోయింది. “కుంకుడుకాయ,” అంది. నర్సింగ్ అదీ పక్కకు జరిపాడు.

మూడోది వాడు తానే తోమి తెచ్చిన గ్లాసులో పోశాడు. జాగ్రత్తగా, అంచు మీదుగా, నెమ్మదిగా. బుడగలు అరకొరగా వచ్చి ఆగిపోయాయి. గ్లాసు పసుపు నీళ్ళలా నిలబడింది.

ఖాదర్‌వలి ముఖం చిన్నబోయింది. “నాకు దీని మీదనే ఆశ ఉండె. స్పెయిన్ దేశంది. సీసాలో పులిసిందే. ధర గూడా మేడమ్ సెప్పినదానికి లోపలనే ఉండాది.”

“పాతదేమో అన్నా,” అన్నాడు నర్సింగ్. గోడ గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

గౌరవ్వ గ్లాసును వదల్లేదు. వాసన చూసింది. కళ్ళు మూసుకుని మళ్ళీ చూసింది. ఇందులో రెండు వాసనలున్నాయి. ఒకటి లోపలిది. ఇంకొకటి అంచుది.

“ఈ గిలాస ఎవరు తోమిండ్రు?”

“నేనే అవ్వా. మేడమ్‌కు తళతళ మెరవాలెనని సబ్బుపొడి రెండు చెంచాలు ఎక్కువేసి తోమిన.”

“నా కడుపున ఎట్ల పుట్టినవురా! కల్లు కుండను ఎవడన్న సబ్బుతోని తోముతడా? సబ్బు తగిలితే నురుగు సస్తది. వేడి నీళ్ళు పెట్టు. నాలుగుసార్లు కడుగు. ఆరిన గుడ్డతోని తుడువు!”

కడిగి, తుడిచి, మళ్ళీ పోశాడు.

గ్లాసు అడుగు నుంచి ఒక సన్నని దారం లేచింది. దాని పక్కన ఇంకొకటి. గసగసాలంత బుడగలు ఒకదాని తల మీద ఒకటి ఎక్కుతూ, తొందర లేకుండా, ఆగకుండా పైకి వస్తున్నాయి. పైన అంచు చుట్టూ తెల్లని వడ్డాణంలా నిలిచాయి. గౌరవ్వ చెవి దగ్గర పెట్టుకుంది. ఇసుక మీద తుంపర పడుతున్నంత సన్నని చప్పుడు. ముక్కు దగ్గర పెట్టుకుంది. పచ్చి ఆపిలు కోసిన వాసన, దాని వెనక పొద్దున బేకరీ తలుపు తెరిచినప్పటి రొట్టె వాసన.

యాభై దాకా లెక్కపెట్టింది. నూరు దాకా లెక్కపెట్టింది. దారం తెగలేదు.

“గిది,” అంది.

నాలుగోది కూడా మంచిదే. దాని దారం ఇంకాస్త సన్నం. కానీ ధర మేడమ్ గీసిన గీతకు అవతల ఉంది. “మూడోది గింత మంచిగున్నంక నాలుగోదానికి ఎక్కువెందుకు పెట్టాలె?” అంది గౌరవ్వ, ఏళ్ళ తరబడి చేపల బజారులో బేరమాడిన గొంతుతో. ఖాదర్‌వలి చెవిలోని పెన్సిలు తీసి, మూడో నంబరు చుట్టూ సున్నా చుట్టాడు.

*

నాలుగు గంటలకు గౌరవ్వ వంటింటి తలుపుకున్న గుండ్రటి అద్దంలోంచి హాలులోకి చూస్తోంది. మేడమ్ పొడుగ్గా ఉంది. నవ్వడం లేదు. పక్కన టై కట్టుకున్న మేనేజర్. నర్సింగ్ సీసా తిప్పుతున్నాడు. నిట్టూర్పు ఒక్కటే వినిపించింది. గ్లాసు వంచి, అంచు మీదుగా పోశాడు.

మేడమ్ ఒక గుక్క తాగింది.

ఆమెకు కడుపులో నొప్పి వస్తే? సీసాలో ఏ పురుగో ఉంటే? ఆమె ఇక్కడే పడిపోతే? గౌరవ్వ అద్దానికి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

మేడమ్ రెండో గుక్క తాగి, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, నర్సింగ్‌ను ఏదో అడిగింది. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నా అవి ఇంగ్లీషువి. ఖాదర్‌వలి గౌరవ్వ వెనక నిలబడి చెవిలో చెబుతున్నాడు.

“నీకు దీని రుసిలో ఏం నచ్చిందని అడుగుతాంది.”

నర్సింగ్ మెడ వంచాడు. మేనేజర్ వాడి వైపే చూస్తున్నాడు. వాడు ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తే సరిపోయేది.

“నేను రుసి చూడలేదు మేడమ్. మా అమ్మకు మాటిచ్చినా, అంటున్నాడు,” ఖాదర్‌వలి గొంతు తగ్గింది. “సెడగొట్టినాడే!”

మేనేజర్ ముఖం ఎర్రబడింది. రుచి చూడనివాడివి అతిథికి ఎలా పోశావన్నాడు పళ్ళ మధ్య నుంచి. మేడమ్ చెయ్యెత్తి ఆయనను ఆపింది. మరి ఎంచింది ఎవరని అడిగింది.

నర్సింగ్ తలుపు వైపు తిరిగాడు. గౌరవ్వ ఒక్క అడుగు వెనక్కి వేసింది. వెనకున్న ట్రాలీ కదిలి, చెంచాలన్నీ జలజలా నేల మీద పడ్డాయి. ఇక దాక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

మేడమ్ మొదటిసారి నవ్వింది. రమ్మని చెయ్యి ఊపింది.

“పోండక్కా. ఏం గాదు.”

“నన్ను పట్టియ్యరు గదన్నా?”

“సీసా ఏరినందుకు ఎవర్నీ పట్టుకోరక్కా, పోండి!”

గౌరవ్వ కొంగు భుజాల నిండా కప్పుకుని హాలులోకి నడిచింది. కాళ్ళ కింద తివాచీ మెత్తగా దిగబడుతోంది. మేడమ్‌కు నమ్మకం కుదరలేదని నర్సింగ్ చెప్పాడు. పరీక్ష పెడుతుందట. ఖాదర్‌వలి లోపల మూడు గ్లాసులు నింపి, చీటీలు లేకుండా పళ్ళెంలో తెచ్చి పెట్టాడు.

గౌరవ్వ వంగింది. మొదటి గ్లాసు వైపు చూసి వేళ్ళు ముడిచింది, లెక్క మొదలుపెట్టకుండానే పక్కకు జరిపింది. రెండోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, “పాయసం,” అంది. మూడోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు అలాగే ఉండి, మేడమ్ ముందుకు జరిపింది.

“గిది. అగో, చూడుండ్రి, దారం ఎట్ల లేస్తున్నదో. తెగదు.”

నర్సింగ్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. మేడమ్ వంగి, గౌరవ్వ చూపించిన చోటే చూసింది. ఇద్దరి తలలూ దాదాపు తగిలేలా ఒకే గ్లాసులోకి చూస్తున్నాయి. మేడమ్ రుచి చూసి, చప్పట్లు కొట్టి, బ్యాగులోంచి కళ్ళద్దాలు తీసి ఆర్డరు కాగితం మీద సంతకం చేసింది. ఇరవై నాలుగు సీసాలు, మూడో నంబరువి. వెళ్తూ వెళ్తూ గౌరవ్వ చేతులు రెండూ పట్టుకుని ఊపింది. భర్తతో వస్తాను, ఆ రోజు నువ్వూ ఉండాలి అందట.

గౌరవ్వకు భూమి మీద నిలబడినట్టు లేదు. నౌకరి నిలబడింది. ఒట్టు నిలబడింది. ఏ భయం ముందు తలచుకోవాలో కూడా గుర్తుకు రాలేదు.

మేడమ్‌ను కారు దాకా సాగనంపి మేనేజర్ తిరిగి వచ్చాడు. ముఖం నిండా నవ్వు. చేతిలో ఒక కాగితం, ఒక పెన్ను. కాగితం టేబుల్ మీద పెట్టి, పెన్ను నర్సింగ్ చేతికిచ్చి, భుజం తట్టి గడగడా మాట్లాడాడు. వింటూ వింటూ నర్సింగ్ నవ్వు సగంలో ఆగింది.

“ఏమంటున్నడురా? పక్కా చేసిండా లేదా?”

“చేసిండవ్వా. పక్కా నౌకరి. జీతం గూడ పెంచిండు.”

“మరి గట్ల ఎందుకున్నవు?”

“పార్టీ హాల్ల గాదు.” నర్సింగ్ కాగితం వైపే చూస్తున్నాడు. “బార్ల. ఒకటో తారీఖు సంది. ఇసొంటి పట్టున్న ఇంటి పోరడు మంచినీళ్ళు పోసుడేందంటున్నడు. సీసలన్నీ నా చేతికిస్తడట. కాని…”

“కాని?”

“బార్ల ఉన్నోడు రుచి చూడక తప్పదట. ఒట్టు గిట్టు నడవదన్నడు. సంతకం ఇప్పుడే పెట్టాలె.”

గౌరవ్వ కొడుకును చూసింది. మేనేజర్ నవ్వుతూనే ఉన్నాడు. తలుపు దగ్గర ఖాదర్‌వలి చెంచాలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయాడు. పొద్దున్న కొడుకును సీసా నుంచి దూరంగా లాగాలని బయలుదేరిన మనిషి, సాయంత్రానికి తన ముక్కుతో, తన కంటితో వాడిని సీసాల మధ్యలోకి తెచ్చి నిలబెట్టింది.

“నువ్వు ఊ అంటెనే పెడత అవ్వా,” అన్నాడు నర్సింగ్ మెల్లగా. “వద్దంటే వద్దు. ఇప్పుడే నీతోని ఇంటికొస్త. నాకేం బాధ లేదు.”

బాధ లేదని వాడు అంటున్నాడు గాని, పెన్ను పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. ఆ వేళ్ళను ఆమె చూసింది.

మేనేజర్ గడియారం చూసుకున్నాడు, కాగితాన్ని టేబుల్ మీద ఇంకాస్త ముందుకు జరిపాడు.

“జెర ఆగుమను,” అంది గౌరవ్వ.

టేబుల్ దగ్గరకు నడిచి, మేడమ్ రుచి చూసి మిగిల్చిన మూడో గ్లాసు తీసుకుంది. దారం ఇంకా లేస్తూనే ఉంది.

“అవ్వా! ఏం జేస్తున్నవే?”

“కొడుకును దింపేటప్పుడు నీళ్ళెంత లోతున్నయో చూడరా? చూడకనే దింపుతరా?”

“అక్కా!” అన్నాడు ఖాదర్‌వలి తలుపు దగ్గర్నుంచి.

గౌరవ్వ కళ్ళు మూసుకుని గ్లాసు ఎత్తింది. బుడగలు చిట్లి ముక్కు మీద తుంపరగా పడ్డాయి. చల్లటిది పెదవికి తగిలింది, నాలుక మీద వెయ్యి సూదుల్లా గుచ్చుకుంది, గొంతులోకి జారింది. నలభై ఎనిమిదేళ్ళలో మొదటి గుక్క. ఆమె ముఖం ముడుచుకుంది, తర్వాత మెల్లగా విచ్చుకుంది. రెండో గుక్క కూడా తాగింది. గ్లాసు కింద పెట్టింది.

నర్సింగ్ దగ్గరకు వచ్చాడు. “ఎట్లున్నదవ్వా? ఏమంటవు?”

గౌరవ్వ కొంగుతో మూతి తుడుచుకుని, కొడుకు ముందు చెయ్యి చాపింది.

“పెన్ను నీ దగ్గరనే ఉంచుకో. కాయితం ఇటియ్యి. రుచి చూసేది నువ్వు గాదు, నేనని అండ్ల రాస్తెనే సంతకమని చెప్పు.”